గడప దగ్గర పైకి చూసేవాళ్లు

గోదావరిఖనిలో తెల్లబట్ట పరిచిన బల్ల మీద సూప్ ఎలా వడ్డించాలో నేర్పిన మొట్టమొదటి పిచ్చివాణ్ణి నేనే అయి ఉంటాను. పొద్దున పరిచిన బట్ట మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరిగేది. వేలితో రాస్తే గీత పడేది. ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు జరిగినప్పుడల్లా గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఆ చప్పుడు ఆగేదాకా పాఠం ఆపి, ఆగాక "అతిథికి ఎడమ వైపు నిలబడి వడ్డించాలి" అని మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. సాయంత్రానికి గ్లాసులన్నీ పగలకుండా మిగిలితే ఆ రోజు బాగా గడిచినట్టే.

ఇది డెబ్బైల చివరి సంగతి. గల్ఫులో పెద్ద పెద్ద హోటళ్లు లేస్తున్నాయని, వాటికి మనుషులు కావాలని మా వైపు కూడా కబురు పాకింది. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. ఆ బాయిల్లోకి కలప దుంగలు సరఫరా చేసే ఒక కాంట్రాక్టరు చెవిన ఈ కబురు అందరికంటే ముందు పడింది. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా నిలబెట్టేవి ఆ దుంగలే. ఆయన ఖాళీగా పడి ఉన్న తన రేకుల గోదాముకు సున్నం వేయించి, హోటలు పని నేర్పే ఇన్‌స్టిట్యూటు అన్నాడు. విదేశాల్లో ఉద్యోగాలు ఇప్పిస్తామని బోర్డు రాయించాడు. నేర్పడానికీ, ఇప్పించడానికీ కలిపి నన్నొక్కణ్ణే పెట్టుకున్నాడు.

నేనూ ఆ ఊరివాణ్ణే. మా నాన్న బొగ్గు కంపెనీలో గుమాస్తా, మాది చర్చి వెనక క్వార్టరు. కుర్రతనంలో బొంబాయి పారిపోయి, హోటళ్లలో గిన్నెలు తోమే దగ్గర మొదలుపెట్టి, బల్లల దగ్గర వడ్డించేవాళ్లందరికీ పెద్దనయ్యేదాకా ఎదిగాను. చివరగా చేసిన హోటలు మూతపడితే తిరిగి వచ్చాను. ఎదుటివాడి కోటు చూసి వాడు ఎంత టిప్పు ఇస్తాడో చెప్పగలను. గోదావరిఖనిలో ఆ విద్య ఎవరికి కావాలి? కాంట్రాక్టరుకు కావలసి వచ్చింది.

మా స్టూడెంట్లంతా బాయి పనివాళ్ల పిల్లలే. వాళ్లను దేశం దాటించడం అంటే పాఠం చెప్పినంత తేలిక కాదు. పుట్టిన తేదీ అడిగితే "మా బాయి తెరిచిన ఏడు" అనేవాళ్లు. పాస్‌పోర్టు ఫోటోలకు ఫోటో స్టూడియోలో ఒకే ఒక టై ఉండేది. ఎర్ర చారల టై. దాన్నే అందరూ వంతులవారీగా కట్టుకుని దిగారు. నల్ల ప్యాంట్లు మంచిర్యాలలో కుట్టించాము. ఆ దర్జీ పెళ్లికొడుకులకు కుట్టినట్టు కింద వెడల్పుగా కుట్టి ఇచ్చాడు. ఆ ప్యాంట్లతో నడుస్తుంటే వడ్డించేవాళ్లలా కాదు, బ్యాండు మేళంలా ఉండేవారు.

వాళ్లందరిలో ఒక్కడే నిజంగా పని తెలిసిన చేతులున్నవాడు. ఇరవై దాటిన కుర్రాడు, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తండ్రి బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ ఉద్యోగం ఇతనికి వచ్చింది. రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, నిద్ర మానుకుని మా గోదాముకు వచ్చేవాడు. ఎంత తోమినా కంటి రెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలే ఉండేది. కానీ ట్రే ఎత్తాడంటే అందులో నీళ్లు కదిలేవి కావు. కింద చీకట్లో, ఎగుడుదిగుడు నేల మీద, నెత్తిన బొగ్గు తట్టతో నడిచినవాడికి సిమెంటు నేల మీద ట్రే ఒక లెక్కా? రుమాలు మడిచి నిలబెట్టడం ఒక్కసారి చూపిస్తే చాలు, మర్నాడు నాకంటే బాగా మడిచేవాడు. క్లాసులో నన్ను సార్ అనేవాడు, బయట మామా అనేవాడు.

ఒక్కటే లోపం. గది గడప దగ్గరికి వచ్చి ఆగేవాడు. తలెత్తి పైకప్పు చూసేవాడు. ముందు నెత్తి మీద, తర్వాత ఆ మూల, ఈ మూల. చూసి, ఒక్క క్షణం చెవి పెట్టి విని, అప్పుడు లోపలికి అడుగు వేసేవాడు. బాయిలో పనిచేసే ప్రతివాడికీ అది మొదటి రోజే నేర్పుతారు. పని చోటికి పోగానే ముందు పైకి చూడాలి, పని చూసే సర్దారు కట్టెతో పైకప్పును కొట్టినప్పుడు వచ్చే చప్పుడు వినాలి, గట్టిగా మోగితేనే కింద నిలబడాలి. ప్రాణం కాపాడే అలవాటు అది. దాన్ని బాయి గేటు దగ్గర హెల్మెటుతో పాటు ఇచ్చేసి రాలేరు కదా.

ఒక ఆదివారం అతని తల్లి మా క్వార్టరుకు వచ్చింది. నాకంటే పెద్దది. కూర్చోమంటే కుర్చీలో కూర్చోలేదు, గడప మీద కూర్చుంది.

"తమ్మీ, నా కొడుకును నువ్వు బాయిలకెల్లి బయటికి తియ్యాలె" అంది.

"కంపెనీ నౌకరి అక్కా. ఇడిస్తే మల్ల రాదు. సోంచాయించుకున్నవా?" అన్నాను.

"సోంచాయించిన. అందరు నన్ను పిచ్చిది అంటున్నరు. అనుకోనీ." కొంగుతో మొహం తుడుచుకుంది. "వాడు ఇంట్లకచ్చేటప్పుడు సుత పైకి సూత్తడు తమ్మీ. నా ఇంట్లకు! గడపల నిలవడి, పెంకలు చూసి, అప్పుడు కాలు పెడ్తడు. నేను అన్నం పెట్టుకొని కూసుంటె నా మొకం సూడడు, ముందుగాల రూఫు సూత్తడు. వాని బాపు సుత గట్లనే సూసేటోడు. సూసి సూసి ఒక్కనాడు సూడలే. వీడు తల దించుకొని, నిమ్మలంగ ఇంట్లకు వచ్చే రోజు నేను సూడాలె. గంతే. నాకు వేరేది వద్దు."

ఆమె అడిగినదాంట్లో ఉద్యోగం లేదు, జీతం లేదు, గల్ఫు లేదు. కొడుకు పైకి చూడకుండా ఇంట్లోకి రావాలి, అంతే. ఇంత చిన్న కోరిక కూడా తీరని చోటు ఇంకొకటి ఉంటుందా అని నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. తీసుకుపోతానన్నాను.

మనుషుల్ని విదేశాలకు పంపే బొంబాయి ఏజెంటు కబురు పంపాడు. గల్ఫులో ఒక కొత్త హోటలు మేనేజరు హైదరాబాదు వస్తున్నాడు, ఒక పెద్ద హోటలు హాల్లో పరీక్ష పెడతాడు, పిల్లల్ని తీసుకురమ్మని. ఇక చూడండి మా గోదాములో హడావిడి. అందరితో ట్రే మోయించాను, నవ్వించాను, గుడ్ ఈవినింగ్ చెప్పించాను. ఆ కుర్రాడికి మాత్రం ఒకటే పాఠం.

"గడపల ఆగకు. పైకి చూడకు. నా మొకం చూసుకుంట రా."

"సరే సార్" అనేవాడు. వెనక్కి పోయి మళ్లీ వచ్చేవాడు. గడప దగ్గరికి రాగానే మెడ దానంతటదే లేచేది. నేను అరిచేవాణ్ణి. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. "ఏం జెయ్యాలె సార్, మెడ ఇంటలేదు" అనేవాడు. చివరికి నేను ఎదురుగా నిలబడి చప్పట్లు కొడుతూ ఉంటే, నన్నే చూస్తూ రావడం నేర్చాడు. హైదరాబాదులో చప్పట్లు కొట్టడానికి నన్ను ఎవరు నిలబెడతారు?

రామగుండం స్టేషన్లో రైలెక్కాం. బ్యాండు మేళం ప్యాంట్లు నలగకుండా కొందరు కాజీపేట దాకా నిలబడే వచ్చారు. హైదరాబాదులో దిగి ఆ పెద్ద హోటలు హాలుకు చేరాం. పైన దీపాల గుత్తి వేలాడుతోంది. కింద కార్పెట్టు. ఆ చివర బల్ల దగ్గర మేనేజరు, పక్కన మా ఏజెంటు. మేనేజరు తెల్లటి మనిషి, విసుగ్గా ఉన్నాడు. తలుపు దగ్గర నుంచి బల్ల దాకా ట్రేతో వచ్చి నీళ్లు పోయాలి. అదీ పరీక్ష.

మావాళ్లు ఒక్కొక్కరే వెళ్లారు. ఒకడు నీళ్లు ఒలికించాడు. ఒకడు కార్పెట్టు ముందు అలవాటుగా చెప్పులు విడిచి వట్టి కాళ్లతో వెళ్లాడు. తర్వాత అతను వచ్చాడు. తలుపు దగ్గర ఆగాడు. తలెత్తాడు. ఆ దీపాల గుత్తి, దాని కొక్కెం, చుట్టూ ఉన్న సున్నపు పువ్వులు, ఆ మూల, ఈ మూల, అన్నీ చూశాడు. ఆగి విన్నాడు. ట్రే మాత్రం కదల్లేదు. అప్పుడు నడిచి వెళ్లి, చుక్క ఒలకకుండా నీళ్లు పోసి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. నా బొంబాయి హోటల్లో కూడా అంత చక్కగా పోసినవాణ్ణి చూడలేదు.

ఏజెంటు పకపకా నవ్వాడు. "దీపాలు ఎన్నడూ చూడలేదా ఇతను? నోరు తెరుచుకుని చూసేవాణ్ణి అతిథుల ముందు ఎలా నిలబెడతాం?" అన్నాడు నాతో, హిందీలో.

నాకు ఒళ్లు మండింది. "అతను చూసింది దీపాలను కాదు, పైకప్పును. బొగ్గుబాయిలో పనిచేస్తాడు. కింద బతకాలంటే అట్లా చూడాలి" అన్నాను.

ఏజెంటు నవ్వు ఆపాడు. మేనేజరు చెవిలో ఏదో చెప్పాడు. మేనేజరు మొదటిసారి తలెత్తి కుర్రాణ్ణి సరిగ్గా చూశాడు. చేతులు చూపించమన్నాడు. భుజం పట్టి చూశాడు. సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు. నన్ను పక్కకు పిలిచి ఏజెంటు చెప్పిందేమిటంటే, హోటలు కింద, నేల లోపల రెండంతస్తులున్నాయి. బట్టలుతికే చోటు, నీళ్లు కాచే బాయిలర్లు, ఐసు గదులు అన్నీ అక్కడే. అక్కడ పెట్టినవాళ్లెవరూ నెల తిరగకుండానే పారిపోతున్నారు. వేడి, పైగా పొద్దు కనపడదు. "మీవాళ్లకు అది అలవాటే కదా. వడ్డించేవాళ్లు గోవా నుంచి కావలసినంత మంది వస్తారు. భూమి కింద ఉండగలిగేవాళ్లే దొరకరు" అన్నాడు.

"అతని చెయ్యి చూశావు కదా! ఆ చేతిని తీసుకుపోయి బట్టల కుప్పలో పెడతావా?" అన్నాను. నేను గట్టిగా మాట్లాడితే హాల్లో అందరూ తిరిగి చూశారు. ఏజెంటు గడియారం చూసుకున్నాడు. ఉంటే ఆ పని, లేకపోతే ఏ పనీ లేదన్నాడు.

బయట మెట్ల మీద కూర్చుని ఉన్న కుర్రాడికి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను కాసేపు బూట్లు చూసుకున్నాడు.

"రూఫు సిమెంటుదేనా మామా?"

"సిమెంటుదే."

"పడదు గద?"

"పడదు."

"అయితే పోత" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "అవ్వకు చెప్పకు మామా. కింద అంటే మల్ల బాయే అనుకుంటది. పైన వడ్డిస్తున్న అనుకోనీ."

మా మొత్తం బ్యాచీలో విదేశాల్లో ఉద్యోగం దొరికినవాడు అతనొక్కడే. నేర్పినదాంట్లో దేనికీ దొరకలేదు, నేను మాన్పించలేకపోయిన దానికి దొరికింది. కంపెనీ నౌకరికి రాజీనామా ఇచ్చాడు. కాంట్రాక్టరు అతని మెడలో దండ వేసి, ఎర్ర చారల టైతో ఉన్న ఫోటోను పెద్దగా చేయించి గోదాము గోడకు తగిలించాడు. తల్లి స్టేషనుకు వచ్చి నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మరుసటి ఏడు ఏజెంటు తనే గోదావరిఖని వచ్చాడు. పారిపోకుండా నిలిచినవాడు మావాడొక్కడేనట. హోటలువాళ్లకు అలాంటివాళ్లు ఇంకా కావాలట. కాంట్రాక్టరు బిర్యానీ వండించాడు. ఏజెంటు మా గోదాములో, నా తెల్లబట్ట బల్ల వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను పిల్లల్ని ట్రేలతో వరసలో నిలబెడితే ట్రేలు వద్దన్నాడు. ఊరికే ఒక్కొక్కణ్ణే లోపలికి పంపమన్నాడు. గడప దగ్గర ఆగి పైకి చూసినవాణ్ణి కుడివైపు నిలబెట్టాడు. చూడనివాణ్ణి ఇంటికి పొమ్మన్నాడు. అంతే పరీక్ష. సూప్ గురించి ఎవడూ అడగలేదు.

ఈ సంగతి ఊళ్లో తెలియడానికి ఎంతసేపు పడుతుంది? ఆ తర్వాత ఏజెంటు మళ్లీ వస్తానన్న రోజు దాకా మా గోదాములో రోజూ అదే తమాషా. బాయి మొహం చూడనివాళ్లు కూడా గడప దగ్గర ఆగి పైకి చూడ్డం సాధన చేసేవాళ్లు. బట్టల కొట్టు సేటు కొడుకు ఒకడు పైకి చూస్తూ అడుగేసి, గడప తన్నుకుని బోర్లా పడి, పన్ను విరగ్గొట్టుకున్నాడు. ఒకడికొకడు తప్పులు దిద్దుకునేవాళ్లు. "ఊకె చూస్తే కాదురా, వినాలె, చెవు వెట్టి వినాలె" అని. నేను రుమాళ్లు మడుస్తూ మూల కూర్చునేవాణ్ణి. నవ్వాలో, వాళ్లను చెప్పుతో కొట్టాలో తెలిసేది కాదు. కాంట్రాక్టరు మాత్రం నన్ను మెచ్చుకున్నాడు. మన ఇన్‌స్టిట్యూటు పేరు దేశం దాటిందన్నాడు.

అలాంటి ఒక రోజు మధ్యాహ్నం అతను వచ్చాడు. సెలవు మీద వచ్చాడట. నల్ల కళ్లద్దాలు, సెంటు వాసన, చేతికి గడియారం. గోడ మీది ఫోటోలో ఉన్నవాడు ఎదురుగా వస్తున్నాడని పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఎలా చూస్తాడో అసలైనవాడి దగ్గర నేర్చుకుందామని అందరి కళ్లూ గడప మీదే.

అతను ఆగలేదు. పైకి చూడలేదు. తల బాగా వంచుకుని, భుజాలు ముడుచుకుని, గబగబా లోపలికి వచ్చేశాడు. మా గోదాము తలుపు ఎంత ఎత్తంటే లారీ పడుతుంది.

పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పాడు. హోటలు చాలా పెద్దదన్నాడు, తిండి బాగుంటుందన్నాడు. వాళ్లు వెళ్లాక కళ్లద్దాలు తీశాడు. వెలుతురుకు కళ్లు చిట్లించుకున్నాడు. రెప్పల అంచున కాటుక లేదు. మొహం మాత్రం నీళ్లలో నానేసిన గుడ్డలా తెల్లగా పాలిపోయి ఉంది. ఒక చెంప మీద కాలిన మచ్చ.

"మెడకు ఏమైందిరా?" అన్నాను.

"అక్కడ నెత్తి మీద పైపులుంటయి మామా. ఉడుకు నీళ్లయి. తలెత్తితే కాలుతది. మొదట్ల మర్సిపోయి పైకి సూసేది." చెంప మీది మచ్చ తడుముకుని నవ్వాడు. "నువ్వు అన్ని నెలలు మాన్పిచ్చినవు, పోలే. పైపు ఒక్క దెబ్బకు మాన్పిచ్చింది."

కూర్చోమని కుర్చీ జరిపాను. అతనే మళ్లీ అన్నాడు. "బాయే నయముండె మామా. షిఫ్టు అయినంక అందరం ఒక్కకాడ పైకచ్చేటోళ్లం. అచ్చి సూత్తె పొద్దు కనవడేది. ఆడ పండుకునేది సుత కిందనే."

"ఇగ పోకు. ఇక్కడనే ఉండు" అన్నాను.

"ఉండి? నౌకరి ఇడిసిన గద."

ఆ సాయంత్రం అన్నానికి రమ్మన్నారు. నేను వెళ్లేసరికి తల్లి కోడికూర వండి, చాప పరిచి, గడపకు ఎదురుగా కూర్చుని ఉంది. అతను సోడాలు పట్టుకుని బయట నుంచి వచ్చాడు. తల వంచుకుని, పైకి చూడకుండా తిన్నగా లోపలికి వచ్చాడు. ఆమె ఊపిరి బిగపట్టి చూసింది. అతను చాప మీద కూర్చున్నాక ఊపిరి వదిలి నా వైపు తిరిగింది. ఆమె మొహంలో అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు.

"సూసినవా తమ్మీ? అచ్చిన కాన్నుంచి సూత్తున్న. ఒక్కపాలి సుత పైకి సూడలే. నిమ్మలంగ తల దించుకొని అత్తండు. వాని పానంలకెల్లి భయం పోయింది. నీ పుణ్యమే."

నేను ప్లేటులో అన్నం కలుపుతూ ఉండిపోయాను. అతనూ తలెత్తలేదు. ఏజెంటునూ, కాంట్రాక్టరునూ ఆ క్షణాన ఎదురుగా నిలబెడితే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. కానీ అక్కడ ఉన్నది వాళ్లు కాదు, ఆమె.

"నా చెల్లె కొడుకు ఉన్నడు తమ్మీ" అంది ఆమె, నాకు కూర వేస్తూ. "బాయిలకు పోవట్టి ఏడాదాయె. వాడు సుత గడపల నిలవడి పైకి సూత్తండు. మా చెల్లె ఏడుత్తంది. వాన్ని సుత నీ దగ్గరికి తోలుత. వీని లెక్కనే మాన్పియ్యి."

అప్పుడు అతను ప్లేటులోంచి తలెత్తి నా మొహం చూశాడు.

"ఈ ఏడు సీట్లు నిండినయక్కా" అన్నాను.

ఆమె చెయ్యి గిన్నె మీద ఆగింది. "పాపం, వానికి నసీబు లేదు" అని, నా ప్లేటులో ఇంకో ముక్క వేసింది.